ఇందూరు సీమ యాత్ర

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పూర్వులు భావించారు. గ్రంథాలలో చదివిన విషయం కంటికి ఎదురైనప్పుడు అది మనస్సులో స్థిరంగా నిలుస్తుంది. అయితే యాత్ర అనగానే సాధారణంగా దూరప్రాంతాలే గుర్తుకు వస్తాయి. ఆగ్రా, మైసూరు, హంపీ చూసి వచ్చినవారిలో చాలామంది తమ ఊరికి యాభై మైళ్ళ దూరంలోని కోటను గాని, గుడిని గాని చూసి ఉండరు. నిజామాబాద్ జిల్లా తూర్పు భాగాన ఉన్న మోర్తాడ్ నుంచి బయలుదేరి పడమరగా బోధన్ వరకు, అక్కడి నుంచి దక్షిణంగా నిజాంసాగర్, దోమకొండల వరకు సాగి, పూర్వం నాగపూరుకు పోయే బాట వెంట తిరిగి ఉత్తరానికి వస్తే, రెండున్నర వేల సంవత్సరాల చరిత్ర ఒక వలయంగా చుట్టివస్తుంది. ఆ దారిలో రాజుల కోటలు ఉన్నాయి, గుడులు ఉన్నాయి, చెరువులు, కాలువలు ఉన్నాయి. వాటిలో కొన్ని నేటికీ ప్రజలకు ఉపయోగపడుతున్నాయి, కొన్ని పేరుకు మాత్రమే మిగిలాయి. ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు, ఎందుకు నిలవలేదు అనే ప్రశ్న ఈ యాత్రకు ప్రాణం వంటిది.

మోర్తాడ్ ప్రాంతం మెట్ట, మాగాణి కలిసిన నేల. పెద్దవాగు ఈ ప్రాంతం గుండా ప్రవహించి గోదావరిలో కలుస్తుంది. సమీపాన భీమ్‌గల్ వద్ద లింబాద్రి గుట్టపై నరసింహస్వామి ఆలయం ఉంది. కార్తీక మాసంలో అక్కడ జాతర జరుగుతుంది. ఇక్కడి రైతుకు పసుపు ప్రధానమైన పంట. తొలకరిలో నాటిన పసుపు దుంప తొమ్మిది నెలలు నేలలోనే ఉండి, మాఘ ఫాల్గుణాలలో తవ్వకానికి వస్తుంది. తవ్విన దుంపలను కొమ్ములుగా, మండలుగా వేరుచేసి ఉడకబెడతారు. తరువాత కళ్ళాలలో రెండు మూడు వారాలు ఎండబెట్టి, తిరిగే డ్రమ్ములో వేసి మెరుగు పెడతారు. ఆ రోజులలో గ్రామాల గుండా వెళ్ళేవారికి దారి పొడవునా పసుపు వాసన సోకుతుంది. ఈ పంటకు ఒక జాతీయ మండలి కావాలని రైతులు ఏళ్ళ తరబడి కోరారు. చివరకు 2025 జనవరిలో జాతీయ పసుపు మండలి నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. పసుపుతో పాటు మొక్కజొన్న, విత్తనం కోసం పండించే ఎర్రజొన్న కూడా ఈ నేలకు పేరు తెచ్చాయి. బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు లేని గ్రామం ఈ ప్రాంతంలో అరుదు.

మోర్తాడ్ నుంచి పడమరగా సాగితే ఆర్మూరు వస్తుంది. పట్టణానికి ఆనుకొని నల్లని బండరాళ్ళు ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గుట్ట కనిపిస్తుంది. దానిని సిద్ధులగుట్ట అంటారు. గుట్ట మీద, బండల మధ్య ఏర్పడిన గుహలో నవనాథ సిద్ధేశ్వరాలయం ఉంది. తొమ్మిది మంది నాథసిద్ధులు ఇక్కడ తపస్సు చేశారని, ఆరు, మూడు కలిస్తే తొమ్మిది కాబట్టి ఊరికి ఆర్మూరు అనే పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. ఇటువంటి కథలను చరిత్రగా అంగీకరించడానికి ఆధారాలు చాలవు. అయినా నాథ సంప్రదాయం ఒకప్పుడు ఈ గుట్టల దాకా వ్యాపించిందనే సంగతిని ప్రజల జ్ఞాపకం ఈ విధంగా కాపాడుకున్నదని చెప్పవచ్చు. కథను కథగా, ఆధారాన్ని ఆధారంగా గుర్తించడం యాత్రికుడికి మొదటి పాఠం. ఈ యాత్రలో ఆ పాఠం అవసరం పదే పదే కలుగుతుంది.

ఆర్మూరు దాటిన తరువాత నిజామాబాద్ వస్తుంది. దీని పాత పేరు ఇందూరు. ఇంద్రుడనే పేరుగల రాజు వల్ల ఈ పట్టణం ఇంద్రపురి అయిందని, అదే ఇందూరుగా మారిందని అంటారు. హైదరాబాద్ రాజ్యంలో 1905లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఇందూరు జిల్లా నిజామాబాద్ జిల్లాగా మారింది. అధికారికంగా పేరు మారినా, ప్రజల వాడుకలో, కవుల రచనలలో, సంస్థల పేర్లలో ఇందూరు సజీవంగానే ఉంది. పట్టణానికి అంచున గుట్ట మీద ఉన్న కోటను ఖిల్లా అని పిలుస్తారు. కోటలో రామాలయం ఉంది. దిగువన రఘునాథ చెరువు ఉంది. సమర్థ రామదాసు పేరును ఈ ఆలయంతో ముడిపెట్టే ఐతిహ్యం ఒకటి ప్రచారంలో ఉంది.

ఈ ఖిల్లాకు ఆధునిక చరిత్రలో మరొక స్థానం లభించింది. నిజాం పాలన చివరి దశలో దీనిని కారాగారంగా ఉపయోగించారు. నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించిన దాశరథి కృష్ణమాచార్యులు ఇక్కడ బందీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఆయనతో పాటు ఇదే కారాగారంలో ఉన్నారు. కాగితం, కలం అందుబాటులో లేని చోట దాశరథి బొగ్గు ముక్కతో గోడల మీద పద్యాలు రాశారు. అధికారులు వాటిని చెరిపివేయించారు. గోడ మీద చెరిగిన పద్యం తోటి ఖైదీల నోట నిలిచింది. అనంతర కాలంలో ఆళ్వారుస్వామి తన కారాగార అనుభవాల నుంచి ‘జైలు లోపల’ అనే కథల సంపుటిని వెలువరించారు. శత్రువును అడ్డుకోవడానికి కట్టిన కోట చివరకు కవిని బంధించడానికి పనికివచ్చింది. అయినా నేడు ఆ ఖిల్లాను చూడడానికి వెళ్ళిన తెలుగు విద్యార్థికి దానిని కట్టించిన రాజు కంటే అందులో బందీగా ఉన్న కవే ముందుగా గుర్తుకు వస్తాడు.

నిజామాబాద్ నుంచి బోధన్ సుమారు ఇరవై ఐదు కిలోమీటర్లు. రైలు మార్గంలో వెళ్ళేవారికి జానకంపేట కూడలి తగులుతుంది. సికిందరాబాదు నుంచి మన్మాడు వెళ్ళే మార్గం నుంచి బోధన్ శాఖ ఇక్కడే విడిపోతుంది. ఆ ఊరి పేరు వెనుక ఒక మహిళ చరిత్ర ఉంది. సిర్నాపల్లి సంస్థానాన్ని పాలించిన రాణి జానకీబాయి పేరు మీద జానకంపేట ఏర్పడింది. ఆమె చెరువులు తవ్వించి, ఊళ్ళు నెలకొల్పి, వ్యవసాయాన్ని ప్రోత్సహించిన పాలకురాలిగా ప్రసిద్ధి చెందింది. రైలు మార్గం తన సంస్థానం మీదుగా వెళ్ళేటట్లు ఆమె పట్టుపట్టి సాధించిందని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. సిర్నాపల్లిలోని గడి పాతబడింది. ప్రయాణికులు మాత్రం ప్రతిరోజూ ఆమె పేరు ఉచ్చరించి టికెట్టు కొంటున్నారు. ఆ పేరు ఎవరిదో తెలిసినవారు వారిలో ఎందరున్నారన్నది ఆలోచించవలసిన విషయం.

బోధన్ ఈ యాత్రలో అతి ప్రాచీనమైన మజిలీ. బుద్ధుని కాలంలో ఉత్తర భారతదేశాన వర్ధిల్లిన పదహారు మహాజనపదాలను బౌద్ధ వాఙ్మయం పేర్కొన్నది. వాటిలో వింధ్య పర్వతాలకు దక్షిణాన ఉన్నది అస్మక జనపదం ఒక్కటే. పాళీ భాషలో దానిని అస్సక అంటారు. గోదావరీ తీరాన నెలకొన్న ఆ రాజ్యానికి రాజధాని పోతన లేదా పోదన. ఆ పోదనమే నేటి బోధన్ అని చరిత్రకారులలో అనేకులు అభిప్రాయపడ్డారు. బౌద్ధుల ‘సుత్తనిపాతం’లో బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడి వృత్తాంతం ఉంది. గోదావరి ఒడ్డున అస్సక దేశంలో నివసించే బావరి, బుద్ధుని గురించి విని, సందేహాలు తీర్చుకొని రమ్మని తన పదహారు మంది శిష్యులను ఉత్తరానికి పంపించాడు. అంటే బుద్ధుని బోధ ఆయన జీవితకాలంలోనే ఈ తీరాన్ని తాకిందని ఆ గ్రంథం సూచిస్తున్నది.

జైన సంప్రదాయంలోనూ పౌదనపురం పవిత్రమైన నగరమే. మొదటి తీర్థంకరుడైన ఋషభనాథుని కుమారులు భరతుడు, బాహుబలి. రాజ్యం కోసం జరిగిన ద్వంద్వ యుద్ధంలో అన్నను గెలిచిన బాహుబలి, గెలిచిన క్షణంలోనే విరక్తుడై రాజ్యాన్ని విడిచి తపస్సుకు వెళ్ళాడు. ఆ బాహుబలి రాజధాని పౌదనపురమని, భరతుడు అక్కడ తమ్ముని మహావిగ్రహాన్ని నిలిపాడని జైన కథలు చెబుతాయి. ఆ విగ్రహాన్ని చూడాలని గంగరాజుల మంత్రి చావుండరాయని తల్లి కోరుకున్నదట. అది చేరరాని చోట ఉన్నదని తెలియడంతో చావుండరాయడు కర్ణాటకలోని శ్రవణబెళగొళలో దాదాపు 57 అడుగుల ఏకశిలా విగ్రహాన్ని చెక్కించాడు. ఆ శిల్పం క్రీ.శ. 981 ప్రాంతానికి చెందినది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన గోమఠేశ్వరుని కథకు మూలమైన నగరంగా బోధన్‌ను భావించేవారు నేటికీ ఉన్నారు.

చారిత్రక యుగంలోకి వస్తే ఆధారాలు మరింత గట్టిపడతాయి. క్రీ.శ. 8వ శతాబ్దిలో వేములవాడ చాళుక్యుల తొలి పాలకులు బోధన్ కేంద్రంగా పరిపాలించారు. వారిలో వినయాదిత్య యుద్ధమల్లుడు తన వందలాది ఏనుగులకు పోదనంలో నూనె నింపిన కొలనులలో స్నానం చేయించేవాడనే వర్ణన ఉంది. ఇది ఆ రాజు గజబలాన్ని, ఐశ్వర్యాన్ని సూచించే అతిశయోక్తి కావచ్చు. తరువాత రాజధాని వేములవాడకు మారింది. ఈ వంశానికి చెందిన రెండవ అరికేసరి ఆస్థానంలో పంప మహాకవి 941 ప్రాంతంలో కన్నడ భాషలో ‘విక్రమార్జున విజయం’ రచించాడు. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల సమీపంలోని బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడ భాషలతో పాటు తెలుగు కంద పద్యాలు కూడా ఉన్నాయి. నన్నయకు ముందే తెలుగులో కంద పద్యం పరిణతి పొందిందని నిరూపించే ఆధారాలలో ఆ శాసనం ముఖ్యమైనది. తెలుగు, కన్నడ భాషలు రెండూ ఒకే రాజాస్థానం నీడలో పెరిగిన నేల ఇది.

బోధన్ పట్టణంలో దేవల్ మసీదు అనే పురాతన కట్టడం ఉంది. రాష్ట్రకూట రాజు మూడవ ఇంద్రుని కాలంలో నిర్మితమైన ఆలయంగా దీనిని చెబుతారు. 14వ శతాబ్దిలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దక్షిణాపథానికి వచ్చిన కాలంలో ఇది మసీదుగా మారింది. నక్షత్రాకారపు పునాది, చెక్కడాలతో నిండిన స్తంభాలు నేటికీ కనిపిస్తాయి. కట్టడం పేరులోనే రెండు మతాల పదాలు కలిసి ఉండడం గమనార్హం. ఒకే రాతిని భిన్న కాలాలలో భిన్న విశ్వాసాల వారు ఎట్లా ఉపయోగించుకున్నారో తెలిపే ఇటువంటి కట్టడాలను ఆవేశంతో కాక, అధ్యయన దృష్టితో చూడడం నేర్చుకోవాలి. ఇదే పట్టణాన్ని మహాభారతంలోని ఏకచక్రపురంగా భావించి, భీముడు బకాసురుని సంహరించింది ఇక్కడేనని చెప్పేవారూ ఉన్నారు. ఇక్కడి చక్రేశ్వరాలయాన్ని ఆ పేరుతో ముడిపెడతారు. బౌద్ధులకు పోతన, జైనులకు పౌదనపురం, పౌరాణికులకు ఏకచక్రపురం కావడం ఆ ఊరి ప్రాచీనతకు ఒక విధమైన నిదర్శనం.

బోధన్‌కు ఉత్తరాన రెంజల్ మండలంలో కందకుర్తి ఉంది. మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర నదులు ఇక్కడ గోదావరిలో కలుస్తాయి కాబట్టి దీనిని త్రివేణీ సంగమం అంటారు. నదీగర్భంలో ఉన్న పాత రాతి శివాలయం వేసవిలో పూర్తిగా బయటపడి, వరదల కాలంలో నీటిలో మునుగుతుంది. ఎన్నో వరదలు చూసిన ఆ గుడి చెక్కుచెదరలేదు. ఇటు తెలుగు, అటు మరాఠీ మాట్లాడే గ్రామాల మధ్య నది హద్దుగా ఉన్నా, పుష్కరాలకు, పర్వదినాలకు రెండు ఒడ్డుల వారూ ఒకే నీటిలో స్నానం చేస్తారు.

బోధన్‌కు ఆధునిక కాలంలో పేరు తెచ్చినది చక్కెర. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1937లో ఇక్కడ నిజాం చక్కెర కర్మాగారాన్ని స్థాపించారు. ఆసియా ఖండంలోనే పెద్దదిగా అది పేరు పొందింది. కర్మాగారం చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. చెరుకు రైతులు, ఎడ్లబండ్లవారు, కార్మికులు, వర్తకులు అందరి జీవితాలు ఆ కర్మాగారపు కూతను అనుసరించి సాగాయి. చెరుకు మిగిలిన పంటల వంటిది కాదు. కోసిన వెంటనే గడలోని చక్కెర పాలు తగ్గడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజులలో గానుగ ఆడకపోతే రైతుకు నష్టమే. కాబట్టి దగ్గరలో కర్మాగారం లేని చోట చెరుకు తోట నిలవదు. 2002లో ఈ సంస్థ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో బోధన్ కర్మాగారం మూతపడింది. దానితో పాటు మోర్తాడ్ ప్రాంతపు రైతులకు సమీపాన ఉన్న ముత్యంపేట, మెదక్ ప్రాంతంలోని ముంబోజిపల్లి కర్మాగారాలు కూడా మూతపడ్డాయి. చెరుకు నేలలు వరికి మారాయి. కార్మికులు జీతాల కోసం, రైతులు గానుగ కోసం ఆందోళన చేశారు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ మార్గాలను పరిశీలించడానికి ఒక సంఘాన్ని ఏర్పాటు చేసింది. కోట పాడుబడితే చరిత్రకు నష్టం, కర్మాగారం పాడుబడితే బతుకులకు నష్టం. ఇందూరు సీమ ఈ రెండు నష్టాలనూ చవిచూసింది.

ఆ చెరుకుకు, వరికి నీరు ఇచ్చిన మహానిర్మాణం నిజాంసాగర్. బోధన్ నుంచి వర్ని, బాన్సువాడల మీదుగా దక్షిణానికి సాగే దారి పొడవునా కాలువలు, పచ్చని వరిమళ్ళు కనిపిస్తాయి. ఇక్కడి అనేక గ్రామాల పేర్ల చివర ‘క్యాంపు’ అనే మాట ఉంటుంది. నిజాంసాగర్ కాలువలు వచ్చిన తరువాత కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతులు వచ్చి, భూములు కొని, తాత్కాలికంగా వేసుకున్న గుడిసెల సమూహాలే క్యాంపులు. అవి క్రమంగా స్థిరమైన గ్రామాలయ్యాయి. డెల్టా రైతు దమ్ము సేద్యం, స్థానిక రైతు నేల పరిజ్ఞానం ఇక్కడ ఒకదానికొకటి తోడయ్యాయి. రెండు ప్రాంతాల యాసలు, వంటలు, పండుగలు పక్కపక్కనే కనిపించే గ్రామాలు ఇవి.

గోదావరికి ఉపనది అయిన మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల వద్ద 1923లో నిజాంసాగర్ నిర్మాణం మొదలై 1931లో పూర్తయింది. సుమారు మూడు కిలోమీటర్ల పొడవైన రాతి ఆనకట్ట ఇది. దాని మీద వాహనాలు పోయేటంత వెడల్పున బాట ఏర్పరచారు. 2,75,000 ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. ఈ నిర్మాణానికి సూత్రధారి హైదరాబాద్ రాజ్యపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877 జూలై 11న జన్మించిన ఆయన జయంతిని తెలంగాణ ప్రభుత్వం ఇంజనీర్ల దినోత్సవంగా నిర్వహిస్తున్నది. అయితే ఈ సరస్సు అడుగున కొన్ని పదుల గ్రామాలు ఉన్నాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక ఊరి పొలానికి నీరు రావడానికి మరొక ఊరు తన ఇళ్ళను, గుళ్ళను, శ్మశానాలను వదులుకున్నది. ఆ ఊళ్ళవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

మహానిర్మాణాలకు కూడా వార్ధక్యం ఉంటుంది. నది తెచ్చిన ఒండ్రు ఏటేటా అడుగున పేరుకుపోవడంతో, సుమారు 30 టీఎంసీల నీరు నిలిచే నిజాంసాగర్‌లో 1970వ దశకం నాటికి 12 టీఎంసీలు కూడా నిలవని స్థితి వచ్చింది. అప్పుడు నీటి మట్టాన్ని పెంచే పనులు చేపట్టి, సామర్థ్యాన్ని 17 టీఎంసీలకు పైగా తీసుకువచ్చారు. ఎగువన సింగూరు జలాశయం వెలసి, హైదరాబాద్ నగరానికి తాగునీరు తరలడంతో దిగువకు వచ్చే నీరు మరింత తగ్గింది. కట్టిన రాజును కీర్తించడం సులభం. కట్టినదానిని నూరేళ్ళు కాపాడడం కష్టం. నిజాంసాగర్ నేర్పే పాఠం ఇదే.

నిజాంసాగర్ నుంచి తూర్పుగా కామారెడ్డి చేరి, అక్కడికి సమీపాన ఉన్న దోమకొండను దర్శించవచ్చు. ఈ ప్రాంతమంతా పూర్వం నిజామాబాద్ జిల్లాలోనిదే. 2016 అక్టోబరులో కామారెడ్డి వేరు జిల్లా అయింది. దోమకొండ సంస్థానాన్ని కామినేని వంశీయులు పాలించారు. కామారెడ్డి పట్టణానికి ఆ పేరు ఈ వంశానికి చెందిన కామిరెడ్డి వల్లనే వచ్చిందని చెబుతారు. వీరి పూర్వులు బిక్కనవోలు, అంటే నేటి భిక్కనూరు రాజధానిగా పాలించిన కాలంలో, 16వ శతాబ్దిలో, ఈ వంశంలోని మల్లారెడ్డి స్వయంగా కవి అయ్యాడు. ‘షట్చక్రవర్తి చరిత్ర’, ‘శివధర్మోత్తరము’, ‘పద్మపురాణము’ ఆయన రచనలు. కత్తి పట్టిన చేతితో గంటం పట్టిన ప్రభువులు రాయల ఆస్థానంలోనే గాక ఇందూరు సీమలోనూ ఉన్నారనడానికి మల్లారెడ్డి సాక్ష్యం.

దోమకొండ కోట దాదాపు నలభై ఎకరాలలో విస్తరించి ఉంది. కందకం, ప్రాకారం, లోపల రాజభవనం, కాకతీయ శైలిని తలపించే నల్లరాతి మహాదేవాలయం ఇందులో చూడదగినవి. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో విలీనమై, మరుసటి సంవత్సరం జాగీర్లు రద్దయిన తరువాత తెలంగాణలోని గడులు ఒక్కొక్కటిగా పాడుబడ్డాయి. కొన్నింటి రాళ్ళు ఇళ్ళ గోడలకు చేరాయి. దోమకొండ మాత్రం ఆ దారి పట్టలేదు. రాజవంశీయులు పూనుకొని, సున్నం పనిలో, రాతి పనిలో నేర్పుగల పనివారితో కోటను క్రమంగా పునరుద్ధరించారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దోమకొండ కోటకు గుర్తింపు లభించింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. పాత కట్టడానికి సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి గోడ చెడుతుంది. సున్నపు గచ్చు అయితే గోడ గాలి పీల్చుకుంటుంది. అందువల్ల పాతదానిని కాపాడాలంటే పాత పనితనాన్ని కూడా కాపాడాలి. తాపీ పనివాని చేతిలోని విద్య కూడా వారసత్వమే.

కామారెడ్డి నుంచి ఉత్తరంగా సాగే జాతీయ రహదారికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. హైదరాబాద్ నుంచి నాగపూరుకు, అక్కడి నుంచి కాశీకి పోయే యాత్రికులు ఈ దిక్కుగానే నడిచారు. వారిలో చిరస్మరణీయుడు ఏనుగుల వీరాస్వామి. చెన్నపట్టణంలోని సుప్రీం కోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న సపరివారంగా కాశీయాత్రకు బయలుదేరాడు. పల్లకిలో ప్రయాణిస్తూ, హైదరాబాద్ దాటి, కామారెడ్డి, ఆర్మూరు ప్రాంతాల మీదుగా గోదావరిని చేరి, నిర్మల్ మార్గంలో నాగపూరుకు సాగిపోయాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్టణం చేరుకున్నాడు. దారిలో చూసిన ఊళ్ళు, బాటలు, నీటి వసతి, అంగళ్ళు, ప్రజల ఆచారాలు, పాలకుల తీరు అన్నింటినీ మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు లేఖల రూపంలో తెలియజేశాడు. ఆ లేఖలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడ్డాయి. తెలుగు యాత్రా సాహిత్యానికి అదే తొలి మహాగ్రంథం. వీరాస్వామి గొప్పతనం ఆయన దృష్టిలో ఉంది. గుడి గోపురాన్ని చూసిన కన్నుతోనే ఆయన ఆ ఊరిలో మంచినీరు దొరుకుతుందా, బాటసారికి భయం ఉందా, రైతు సుఖంగా ఉన్నాడా అని చూశాడు. నేటి యాత్రికుడు నేర్చుకోవలసినది ఆ చూపునే.

అదే దారిలో ఇందల్వాయి దాటిన తరువాత డిచ్‌పల్లి వస్తుంది. 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. సమీపాన చిన్న గుట్ట మీద రామాలయం ఉంది. నూటికి పైగా మెట్లు ఎక్కి వెళ్ళాలి. కాకతీయుల కాలపు శిల్పరీతికి చెందిన ఈ ఆలయం గోడల మీద దేవతా మూర్తులు, నర్తకులు, జంతువులు, శృంగార శిల్పాలు సన్నని పనితనంతో అలరారుతున్నాయి. అందుచేత దీనిని ఇందూరు ఖజురహో అని పిలుస్తారు. ఆలయ నిర్మాణం పూర్తి కాలేదు. రాజ్యాలు తలకిందులైన 14వ శతాబ్దిలో పని మధ్యలో ఆగి ఉండవచ్చు. ముగించని ఆ పని, శిల్పి ఏ క్రమంలో రాతిని మలిచాడో తెలుసుకోవడానికి విద్యార్థులకు ఉపకరిస్తున్నది. పూర్తయిన శిల్పం సౌందర్యాన్ని చూపిస్తుంది. అసంపూర్ణ శిల్పం శ్రమను చూపిస్తుంది.

డిచ్‌పల్లి నుంచి జక్రాన్‌పల్లి మీదుగా తిరిగి ఆర్మూరు చేరి, మరికొంత ఉత్తరానికి సాగితే బాల్కొండలో పాత కోట శిథిలాలు, అటుపై గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టు దర్శనమిస్తాయి. దీని మొదటి పేరు పోచంపాడు. 1963 జూలై 26న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 1978లో శ్రీరాంసాగర్ అనే పేరు పెట్టారు. 42 గేట్లు గల ఈ ఆనకట్ట నుంచి కాకతీయ, సరస్వతి, లక్ష్మి అనే కాలువలు బయలుదేరుతాయి. కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు సాగి కరీంనగర్, వరంగల్ ప్రాంతాలకు నీరు అందిస్తున్నది. నిజాంసాగర్‌ను రాజు కట్టించాడు. శ్రీరాంసాగర్‌ను ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కట్టించింది. రెండింటికీ ఒకే శత్రువు ఉంది, అది ఒండ్రు. రెండింటి కిందా ఒకే త్యాగం ఉంది, అది మునిగిన ఊళ్ళవారిది.

గోదావరి తీరం నుంచి మోర్తాడ్ మరెంతో దూరం లేదు. ఒకప్పుడు బండ్లు, బస్సులు తప్ప వేరే సౌకర్యం లేని ఈ ఊరికి ఇప్పుడు రైలు వస్తున్నది. 1993లో శంకుస్థాపన జరిగిన పెద్దపల్లి-నిజామాబాద్ రైలు మార్గం 2017లో పూర్తయింది. ఇరవై నాలుగేళ్ళు ఎదురుచూసిన ఆ మార్గం మీద మోర్తాడ్ ఒక స్టేషను. ఒక తరం వారు రైలు వస్తుందని విన్నారు. తరువాతి తరం వారు ఆ రైలు ఎక్కి కళాశాలలకు వెళుతున్నారు.

ఈ యాత్ర మొత్తాన్ని ఒకసారి నెమరువేసుకుంటే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇందూరు సీమలో నిలిచినవన్నీ ఎవరో ఒకరు శ్రద్ధతో కాపాడుకున్నవే. చెరిపివేసిన పద్యాలు తోటి ఖైదీల జ్ఞాపకం వల్ల నిలిచాయి. దోమకొండ కోట పనివాని నేర్పు వల్ల నిలిచింది. వీరాస్వామి చూసిన ఆనాటి పల్లెలు ఆయన లేఖల వల్ల నిలిచాయి. శ్రద్ధ లోపించిన చోట, నిన్నటి కర్మాగారం కూడా శిథిలాల జాబితాలో చేరింది. ప్రాచీనత ఒక్కటే దేనినీ రక్షించలేదు. రాజులకు శాసనాలు వేయించే అధికారం ఉండేది. నేటి విద్యార్థికి ఆ అధికారం లేకపోయినా కలం ఉంది, చూసే కన్ను ఉంది. తన ఊరి చెరువుకు ఆ పేరు ఎందుకు వచ్చింది, గుడి వెనుక పడి ఉన్న రాతి మీద అక్షరాలు ఏ కాలానివి, ఆనకట్ట కింద మునిగిన ఊరి పేరేమిటి అని పెద్దలను అడిగి రాసి పెట్టుకున్న ప్రతి విద్యార్థీ చరిత్రకు సేవ చేసినవాడే. పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.